మట్టం కలిసేదాకా

పదకొండు లక్షల నలభై రెండు వేల మూడొందల పదిహేడు.
ఆ చివరి పదిహేడు చూసి నమ్మాను.
అబద్ధమైతే గుండుసున్నాలతో వచ్చేది కదండీ.

లాకు మీద ఇరవయ్యారేళ్లు నేను టెంపరరీ.
చక్రం టెంపరరీ కాదు, దాని తుప్పు టెంపరరీ కాదు,
ధవళేశ్వరంలో గేట్లెత్తారని కబురొస్తే
అర్ధరాత్రి గోనెసంచి నెత్తినేసుకుని పరిగెత్తడం టెంపరరీ కాదు.
జీతం మటుకే.
ఏడుగురం కోర్టుకెక్కాం.
తీర్పు దిగేసరికి మెట్ల మీద ముగ్గురం.
అందులో ఒకడికి, గెలిచామని
చెవిలో అరిచి చెప్పాల్సొచ్చింది.

బ్యాంకు కుర్రాడు కుర్చీ వేయించాడు.
ఆ బ్యాంకులో నేను కూర్చోడం అదే మొదలు.
పదేళ్లకి వేస్తే ఎంతవుద్దో కాగితమ్మీద చూపించాడు.
పక్కనే నా వయసు కూడా కూడి చూసుకున్నాను: డెబ్బై తొమ్మిది.
వడ్డీ బాగానే పెరిగింది.

తోడల్లుడు గనిరాజు రొయ్యల చెరువంటాడు,
"ఒక్క పంట తగిలితే చాలు బావా!"
తెల్లమచ్చ తగిలి నిరుడు గేదెనమ్ముకున్నది వాడే.
మేనల్లుడు రావులపాలెం అవతల ప్లాట్లు చూపించాడు,
వరిచేలో ఎర్రజెండాలు, కొత్త గ్రావెలు.
ఆ చేలకి నీళ్లొదిలిన చేతులురా ఇవి,
అక్కడ మూడడుగులు తవ్వితే ఊట,
నీ ఇల్లు వర్షాకాలం పడవైపోద్ది అన్నాను.
నాకు ముందుచూపు లేదన్నాడు.

భూషణం తొమ్మిది రోజులు ఏమీ అనలేదు.
పదో రాత్రి మోకాలికి ఆముదం రాసుకుంటూ
"ఇంట్లో కుర్చీ దొడ్డి కట్టించు,
వానలో వెనకదాకా నడవలేకపోతున్నా" అంది.
అంతేనా అన్నాను.
"ఏసోబు పెళ్లాం ఊసెత్తవేం?" అంది.

ఎత్తలేదు. నిజమే.
మా ఏడుగురి అర్జీ రాయించింది ఏసోబు.
ప్లీడరు దగ్గరికి బస్సు చార్జీలకి సైకిలమ్మింది ఏసోబు.
వాడి వాటా ఫైలు వారసుల సర్టిఫికెట్టు దగ్గర ఆగింది,
దయమ్మ షెడ్డులో రొయ్య తలలు ఒలుస్తా ఉంది, కిలోకింతని.
నాకు ఔదార్యం పుట్టుకొచ్చిందనుకోకండి.
లక్షిద్దామనుకుని పడుకున్నాను,
కోడి కూసేసరికి యాభైకి దిగాను,
టీ తాగేటప్పుడు ఇరవై.
మళ్లీ ఆ సైకిలు గుర్తొచ్చింది, దాని బెల్లు పనిచేసేది కాదు,
వాడే నోటితో కూసేవాడు.

పడవలు తిరిగే రోజుల్లో
సరంగులకెప్పుడూ తొందరే,
తలుపులు తియ్యవయ్యా అని కేకలు.
పైనీళ్లూ కిందనీళ్లూ మట్టం కలవకుండా
ఏనుగు తోసినా లాకు తలుపు కదలదు,
కదిలిందా, పడవే ఉండదు.
చిన్న తూమెత్తి కూర్చోవాలి, బీడీ కాలేంతసేపు.
ఆనక చంటిపిల్లాడు తోసినా తెరుచుకుంటుంది.

బీడీ మానేసి ఏడేళ్లయింది. అయినా కూర్చున్నాను.

మొన్న భూషణం మోకాలి ఎత్తు పురికొసతో కొలిచి
ముడేసి జేబులో పెట్టుకుని మండపేట వెళ్లాను.
కొట్టువాడు నవ్వాడు. నవ్వనీ.
ముడి దగ్గరికి సరిపోయిందే తెచ్చాను.
గురువారం గురువారం దయమ్మని వెంటబెట్టుకుని
మండలాఫీసు బల్ల దగ్గర నిలబడుతున్నాను.
ఇరవయ్యేళ్లు కోర్టు చూసినోణ్ణి,
నిలబడ్డం నాకు కొత్తేం కాదు.
ఫైలు కదిలేదాకా నెలకింతని ఆమె చేతిలో పెడుతున్నాను.
ఎంతో భూషణానికి తెలుసు, మీకక్కర్లేదు.

మిగతా డబ్బు ఎటూ పోలేదు.
గనిరాజు రోజూ ఫోను చేస్తాడు,
తలుపులు తియ్యి బావా అన్నట్టే ఉంటుంది.
సాయంత్రం లాకు మీదకెళ్తాను.
గుర్రపుడెక్క దట్టంగా ఆనుకుని ఉంది తలుపులకి,
కొత్త లస్కరు కుర్రాడు, వాడూ టెంపరరీయే,
లేచి చోటిస్తాడు.
వంగి గోడ మీద గీతలు చూస్తాను.
ఇంకా రెండు జానల తేడా ఉంది.