రాగి గొట్టం చివర

ఫిబ్రవరి. బయట మైనస్ ఇరవై ఆరు.
షెడ్డులో కిరసనాయిలు పొయ్యి
ఒక్క మూలని మాత్రమే కనికరించింది.
సిలిండర్ హెడ్‌ని వెల్లకిలా పడుకోబెట్టి,
చిల్లున్న గాజుపలక పైన అతికించి,
ఎల్వార్ నీలం స్పిరిట్ చుక్క చుక్కగా వదులుతున్నాడు.
ఏ గది ఎంత తాగిందో నేను రాస్తున్నాను.
మూడోది అరచుక్క ఎక్కువ తాగింది.
ఆ అరచుక్క కోసం తెల్లారేదాకా
మిగతా మూడింటినీ అరగదీశాడు.

పన్నెండు గుక్కల గాలి ఒక్క గుక్కలో ఇమడాలి.
ఆపైన టర్బో,
నిండిన బస్తాని మోకాలితో తొక్కి
ఇంకో రెండు కుంచాలు కూరి మూతి కుట్టినట్టు.
"టర్బో పెట్టేవాడు కంప్రెషన్ తగ్గించుకోవాలి,
ఎనిమిదిన్నర దాటకు" అంటాడు
విడిభాగాల కొట్టు తూర్‌స్టెన్.
"రోట్లో తల పెడతావు, తర్వాత రోకలిని తిడతావు."

ఎల్వార్ వెంటనే ఏమీ అనలేదు.
ఎల్వార్ ఏదీ వెంటనే అనడు.
జూన్‌లో నేనెత్తిన పెళ్ళిమాటకి
ఆగస్టులో, అడవిలో బ్లూబెర్రీలు ఏరుతూ,
వంగినవాడు వంగినట్టే "సరే" అన్నాడు.
మా పాత వోల్వో కూడా అంతే:
తొక్కుతావు. చర్చి దాటిపోతుంది. పెట్రోలు బంకు దాటిపోతుంది.
అప్పుడెప్పుడో వీపు మీద చరుస్తుంది.
అలాంటి మనిషి
ఇంజిన్‌లో ఆలస్యాన్ని చంపుతానని పూనుకున్నాడు.
నేను నవ్వలేదు. స్పానర్లు అందించాను.

కిటికీలో పోయినేటి పిస్టన్ ఉంది,
ఎలుక కొరికిన జున్నుముక్కలా అంచు కరిగి.
అందులో కొవ్వొత్తి వెలిగించి ఆ వెలుగులోనే
కొత్త రింగుల కొసలు రాచాం.
వేడికి ఇనుము పెరుగుతుంది,
పెరిగే చోటివ్వకపోతే ఉన్న ఇల్లే చీలుస్తుంది.
బేరింగులో నూనెకి వదిలిన సందు వెంట్రుకవాసి.
మాట వరసకి కాదు,
నా వెంట్రుక తెంపి మైక్రోమీటరులో పెట్టి చూశాం.
నెరిసిందే లావని ఆ రోజు తెలిసింది.

ఏప్రిల్ చివర, నదిమీద మంచు విరిగిన వారం,
చక్రాలు విప్పి ఇరుసులకి డైనో బిగించారు.
కారు ఎక్కడికీ కదలకుండా
నూట ఎనభై మీద పోతోంది.
షెడ్డంతా ఇథనాల్ తీపి, మాగిన పండు వాసన.

నా పని వినడం.
బ్లాకుకి బిగించిన రాగి గొట్టం,
గొట్టానికి రబ్బరు పైపు, పైపు చివర నా చెవులు.
రంపపు మిల్లులో ముప్పై ఏళ్ళు చేశాను.
దుంగలో పాత మేకుంటే
బ్లేడు పాట మారడంలోనే పట్టేసేదాన్ని.
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
ఒక బార్. ఒకటీ రెండు. ఒకటీ నాలుగు.
నాలుగువేల వంద తిరుగుళ్ళ దగ్గర
రేకు డబ్బాలో రెండే రెండు ఎండు బఠాణీలు
టిక్కుమన్నాయి.

వేలెత్తాను.
"సెన్సర్‌కి ఏమీ కనబడలేదే"
కంప్యూటర్ ముందు కూర్చున్న హిల్లెవి అంటోంది.
ఆమె మాట పూర్తవలేదు, నా వేలు దిగలేదు,
"రెండు డిగ్రీలు వెనక్కి లాగు" అన్నాడు ఎల్వార్.

వెంటనే.
పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

నాలుగు వందల పన్నెండు గుర్రాలు.
అతను నాలుగువందల యాభై అనుకున్నాడు.
కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి చూశాడు,
గీత మొదట్లో ఎక్కడ లేచిందో అక్కడ గోటితో గీశాడు.
తూర్‌స్టెన్‌కి ఈసారి చెప్పాలి:
రోట్లో తల పెట్టాక వెరవకూడదు సరే,
రోకలి ఎప్పుడు దిగుతుందో వినాలి కదా నాయనా.

ఇంటికి నేనే నడిపాను.
పాదం అలా ఆన్చానో లేదో
వీపు సీటుకి అతుక్కుపోయింది,
రోడ్డు పక్క బర్చ్ చెట్లు ఒక్క తెల్లగీత అయ్యాయి.
"ఎలా ఉంది?" అన్నాడు.
నేను వంతెన దాటాను. మిల్లు దాటాను.
మా సందు మలుపులో అన్నాను:
"ఎక్కడో నూనె కారుతోంది."