హీటర్

అక్టోబర్ వంతెన మీద
బండి కదిలి ఇరవై నిమిషాలు.
ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంటే
షౌకీ అద్దాలన్నీ దించి
హీటర్ తిప్పాడు.
నలభై రెండు డిగ్రీల కైరోలో, హీటర్!

"దీని జ్వరం కాస్త మనమూ పుచ్చుకోవాలి,"
గేరు తీసేసి, యాక్సిలరేటర్ మీద
పసిబిడ్డను జోకొట్టినట్టు
పాదం ఆడిస్తూ అన్నాడు.

పళ్లు ఉడికిపోతాయని తిడుతూ
ఉమ్ నగ్లా తన మామిడిపళ్ల సంచీని
కిటికీ బయటికి పట్టుకుంది.
నా చొక్కా సీటుకి అతుక్కుంది.

ముల్లు వెంట్రుకవాసి దిగింది.
ముగ్గురం దాన్నే చూస్తున్నాం,
ఇఫ్తార్‌కింకా గంటన్నర.

సీటు కింద నిండు సీసా.
నీళ్లు దొర్లిన చప్పుడుకి
ముగ్గురం గుటక మింగాం.
పగిలిన పెదవులతో షౌకీ
బానెట్ వైపు గడ్డం ఎగరేశాడు:
"దానిది. చల్లారాక పోస్తా.
దానికి ఉపవాసం లేదుగా."