ఖోటా

పురానాపూల్ కింద, మూడో కమాను దాటినంక
నీళ్లు ఒక పక్కకు ఒరిగి
నల్లమట్టి బయటపడ్డ చోట
చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని నడుస్త.
మొదటి వారం వాసనకు తల తిరిగింది.
ఇప్పుడు వాసనే నన్ను గుర్తుపట్టి
కొంచెం పక్కకు జరుగుతది.

చేతుల పొడుగు కర్ర, కొసకు పళ్లెమంత చుట్ట.
ఎడమకు, కుడికి,
నేలకు మూడు వేళ్ల ఎత్తున.
నా ఎడమ చేతికి మిగిలినవి అన్నే, కొలతకు సరిపోతయి.
సర్వీసుల నేర్చిన ఊపు ఇది.
నేను మర్చిపోయినా మణికట్టు మర్చిపోదు.

ఇరవై ఆరేండ్లు బాంబ్ స్క్వాడ్ల చేసిన.
సినిమా హాలు సీట్ల కింద,
గణపతి మండపాల వెనక పరదాల పొంటి,
నాంపల్లి స్టేషన్ల ఎవరో మర్చిపోయిన
రెగ్జిన్ బ్యాగు చుట్టూ
ఇదే ఊపు.
అప్పుడు మిషన్ కూస్తే
కడుపుల ఏదో చల్లగ జారేది.
"ఏం లేదు సార్" అని
వైర్‌లెస్‌ల చెప్పడానికే జీతం తీసుకున్న.

ఇప్పుడేమో
కూయాలె, కూయాలె అనుకుంట
మబ్బులనే లేసొచ్చి తిరుగుత.

కూస్తది. దినాం కూస్తది.
సోడా మూతలు, గుర్రపు నాడా ముక్క,
మంగలి కత్తెర సగం,
ఒంటి గజ్జె, దాని లోపలి గుండు ఇంకా మోగుతది.
తాళాలు. ఎన్ని తాళాలో!
చెవి మాత్రం ఒక్కటి దొరకలే ఇంతవరకు.
స్టీలు రూపాయలకైతే లెక్క లేదు,
బస్సు కిటికీల నుంచి మొక్కి విసిరినవి.
వాటిని మట్టిలనే వదిలేస్త.
ఎవరి మొక్కో, ఎంతవరకు వచ్చిందో.

మొన్న బందోబస్తు పిలగాడొకడు
పిట్టగోడ మీంచి ఒంగి
"ఏం సార్, బాంబా?" అన్నడు.
పాత సెల్యూట్ ఒకటి పైకి పంపిన.
"దొరికితే నిన్నే పిలుస్త తమ్మీ."

పోయిన నెలల ఒక పొద్దున
మిషన్ గొంతు మారింది.
కీచుగ కాదు,
ముసలమ్మ దగ్గును అణుచుకున్నట్టు.
కురిపీ పక్కన పెట్టిన.
ఇనుముతోని తాకొద్దు: పాత పాఠం.
మోకాళ్ల మీద కూసొని
జానెడు లోతుదాక చేత్తోనే తోడిన.
రూపాయి బిళ్ల.
తడిగుడ్డ పెట్టి తుడిస్తే నాలుగు మినార్లు,
నడిమి దర్వాజాల చిన్న ఉర్దూ అక్షరం.
హాలీ సిక్కా!
ఎవరూ లేరు చూడనీకి.
ఒక కొంగ ఉండె. దానికే చూపెట్టిన.

జుమ్మెరాత్ బజార్ల
గ్రామఫోన్ ముళ్లు, తుప్పు కొడవళ్ల నడుమ
గౌస్ మొహియుద్దీన్ దాన్ని బండ మీద వేసిండు.
ఖంగుమనలే.
టప్.
గోరుతోని అంచు గీకి నవ్విండు:
"ఖోటా హై సాబ్. సీసం. పైన వెండి నీళ్లు."
కొంచెం ఆగి,
"అయినా దొంగతనం గూడ పాతదే గద,
రెండొందలిస్త."

పోలీసు బుర్ర, ముందు దొంగనే తలుచుకున్నది.
ఏ అర్రలనో దీపం ముందట ఒంగి
ఆ అక్షరాన్ని ఎంత ఓపికగ దిద్దిండో వాడు,
చెయ్యి అసలు వణకలే.
తర్వాత మెల్లగ, జామపండ్లమ్మ ఒకామె వచ్చింది.
పొద్దంత అమ్మి గంప ఖాళీ చేసుకొని
కిరాణం కొట్టుల బియ్యం అడిగితే
షావుకారి బండ మీద ఇదే టప్.
ఇంటికి పోయే తొవ్వల, పూల్ నడుమ నిలబడి
ఇచ్చినోని ఏడు తరాలను తిట్టి
విసిరింది.

రెండొందలు తీసుకోలే.
గౌస్ భాయికి ఎట్ల చెప్పాలె?
ఇరవై ఆరేండ్లు నేను విప్పిన మూటలన్నీ
ఖోటానే.
టిఫిన్ డబ్బాల పులిహోర,
అలారం గడియారం, బాలింత బట్టలు.
వాటిని చూసి రోడ్డు మీద కూలబడి
నవ్విన దినాలున్నయి.
ఒక్కటి తప్ప, అన్నీ.

ఇప్పుడది నా అంగీ జేబుల ఉంటది.
రోజూ వాగుల దిగంగనే
మిషన్ మంచిగుందో లేదో చూసేటందుకు
ముందుగాల దాన్నే నేల మీద పెట్టి
చుట్టను పైనుంచి ఊపుత.
ఎడమకు.
కుడికి.
కూస్తది.