ఐదు లీటర్ల డబ్బా

నిన్న పొద్దున ఆరు నుంచి ఇయ్యాల పొద్దున ఆరుదాక
నా ఒంట్ల నుంచి పోయిన నీళ్లన్నీ
ఈ డబ్బాల ఉన్నయ్.
మూతకు చుట్టూ పట్టీ, మీద తెల్ల కాయితం:
అండాలు, ముప్పై నాలుగేండ్లు.

జానిమియా డ్రైవరు సీటు వెనక
ఇంజను వేడి తగలని మూలకు పెట్టిచ్చిండు.
నార్కట్‌పల్లిల ఎక్కిన అవ్వ అడిగింది,
"నూనెనా బిడ్డా?"
"కాదవ్వా, లెక్క" అన్న.

పదకొండేండ్ల సంది గీ రూట్ల నేను కండక్టరును.
ఇయ్యాల ప్యాసింజరును.
ఆడోళ్లకు జీరో టికెట్లు కొట్టీ కొట్టీ
బొటనవేలు కాయగాసింది.
నా రిపోర్టుల ఒక్క జీరో చూడనీకి
నాలుగేండ్లు పట్టింది.
రెండేండ్లు నిలిచింది కూడ.

మొన్న ఎండకాలం బాత్రూంల నురుగు.
సబ్బు మిగిలిందేమో అని రెండు బక్కెట్లు పోసి కడిగిన.
తెల్లారి మళ్ల నురుగే.
సాయంత్రానికి చెప్పులు కాళ్లకు పట్టలే.

మా తాత నడుము వంచింది ఊరి నీళ్లు.
ఆయన సచ్చేదాక బోరింగును తిట్టిండు.
నాకు తిట్టనీకి బోరింగు లేదు.
నన్ను కావలి కాయాల్సిన నెత్తురే
నా కిడ్నీని దొంగ అనుకుంటున్నది.

ఒక మాట దాయను.
గోలీలు సగం చేసింది నేనే.
ఉబ్బిన మొఖం చూసి చెకింగాయన
బ్యాడ్జి మీది ఫోటో ఎవరిదమ్మా అన్నడు.
బస్సంత ఇన్నది.
ఆ రాత్రి నుంచే సగం.

మళ్ల సూది పెట్టి ముక్క తీసిండ్రు.
డాక్టరమ్మ తిడుతదనుకున్న.
కాయితం మీద బొమ్మ గీసింది:
"ఇది పాత మచ్చ. దీనికి మందు లేదు.
ఇది కొత్త మంట. దీనికున్నది.
మచ్చ కాకముందే వచ్చినవ్."

మూడు దినాలు సెలైను.
నోట్ల రూపాయి బిళ్ల చప్పరించినట్టు,
అన్నం తిన్నా, చాయి తాగినా, అదే చిల్లర.
గిప్పుడు పొద్దుగాల రెండు, రాత్రి రెండు.
పిల్లల ముచ్చట ఇంకో రెండేండ్లు ఎత్తొద్దన్నది.
ఇంటాయన ఏమనలే,
గోలీల డబ్బా మీద టైములు రాసిండు.

వేబిల్లుల స్టేజి స్టేజికి
ఎక్కినోళ్లు, దిగినోళ్లు, అన్ని రాస్తం.
దీని లెక్కనే నాకు దొరకలే.
చిట్యాల్ల దిగిపోయింది అనుకున్న మనిషి
వెనక సీట్ల ముసుగేసుకోని పండుకున్నది.
దించాలె. మళ్ల ఎక్కుతదేమో.
ఎక్కితే నురుగు కాడనే పట్టాలె, కాళ్లు ఉబ్బేదాక కాదు.

పంతంగి టోలుగేటు కాడ ఎండ కిటికీలకొచ్చింది.
అవ్వ లేసి తన కొంగు తీసి
నా దిక్కు కిటికీకి అడ్డం కట్టింది.
ఎందుకని అడగలే నేను. ఆమె చెప్పలే.

బస్సు గతుక్కుమన్నది.
అద్దంల నుంచి జానిమియా,
"డబ్బ నిలబడ్డదా?"
చెయ్యి పెట్టి చూసిన, గోరువెచ్చగ ఉన్నది.
"నిలబడ్డది. పోనియ్."