ఎడమ టర్బో

కుడివైపుది ఒక్క ఆదివారంలో ఊడొచ్చింది.
ఎడమవైపుది జూన్ అంతా తినేసింది.

ఇరవై ఎనిమిదేళ్ల కారు. జపాన్‌లో పుట్టి
ఓడెక్కి, నలుగురి చేతులు మారి
జీలాంగ్‌లో, నార్లేన్‌లో, మా షెడ్డులో
పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టు
బానెట్ తెరుచుకుని ఉంది.
ఇంజనుకూ ఇనప గోడకూ మధ్య సందు
నా మణికట్టుకు సరిపోతుంది, గాజుకు సరిపోదు.
గాజులు తీసి స్పానర్ల డబ్బాలో పెట్టాను,
పదమూడుకీ పద్నాలుగుకీ మధ్య.

పగలు ఆస్పత్రిలో నా పని ఊపిరి కొలవడం.
గట్టిగా పీల్చండి, ఇప్పుడు ఊదండి, ఊదండి,
ఇంకా ఉంది, ఇంకా ఉంది, ఆపకండి అని
రోజుకు పద్దెనిమిది మందిని అరిచి బతిమాలతాను.
తెర మీద గీత కొండలా లేచి
ఒక్కొక్కరికి ఒక్కోలా జారుతుంది.
ఇంటికొచ్చాక ఎవర్నీ ఊదమని అడగను,
ఈ ఇనప నత్తల్ని తప్ప.

డార్కో ఆరున్నరకు వస్తాడు, కాఫీ ఫ్లాస్కుతో.
ముప్ఫయ్యొక్క ఏళ్లు ఇనుము పోత పోసినవాడు.
అతని గీత ఏప్రిల్లో చూశాను. ఆ సంగతి
ఇద్దరం షెడ్డులోకి తీసుకురాం.

పాత టర్బోని అరచేతిలో పెట్టుకుని
ఇరుసును బొటనవేలితో కదిపాడు. టిక్, టిక్.
రెక్కల అంచులు ఎలుక కొరికిన అప్పడం.
"పెద్దవి వెయ్యి. అందరూ పెద్దవే వేస్తారు."
బలం ఎక్కువే, కాదనను,
కానీ కాలు నొక్కాక అవి మేలుకునేసరికి
మలుపు వెనకాల ఉంటుంది.
ఒక్క సైజు పెంచాను, అంతే.
"గాలి కోసం ఇంత డబ్బా?" అన్నాడు మా ఆయన,
ప్రభంజన్ అని పేరు పెట్టుకుని.

పనికిరాదని బయటికి తోసేసిన పొగ
పోతూ పోతూ ఒక చక్రం తిప్పుతుంది.
అదే ఇరుసుకు అటు కొసన ఇంకో చక్రం
కొత్త గాలిని లోపలికి కుక్కుతుంది.
యంత్రమంతా ఇంతే. ఎన్నిసార్లు విప్పినా
నాకు ఇంకా నమ్మబుద్ధి కాదు.

కిందటి బుధవారం, ఆఖరి నట్టు.
మూడు రాత్రులు నూనె తాగించాం, మంట చూపించాం,
మంచి మాటలు కూడా చెప్పాం.
పావు చుట్టు తిరిగి చేతిలో మెత్తబడింది.
తెగే ముందు ఇనుము మైనమౌతుంది;
ఆ మెత్తదనం తెలిసిందంటే ఆలస్యమైనట్టే.
టప్.
నేనన్న మాట నరసరావుపేట బస్టాండులో కూడా
అంత గట్టిగా అనరు.
డార్కో పూర్తిగా అర్థమైనట్టు తలాడించి
వాళ్ల భాషలో దానికి జత కలిపాడు.

తర్వాత నాలుగు గంటలు డ్రిల్లు,
బియ్యపు గింజంత లోతుకోసారి ఆగుతూ.
అతను లైటు పట్టుకున్నాడు. దగ్గొచ్చినప్పుడల్లా
లైటును ఎడంచేతికి మార్చి, మొహం తిప్పి దగ్గాడు.
వెలుతురు మాత్రం కదలలేదు.

కొత్తవి బిగించాక ముందు నూనె పోశాం,
ఎండు ఇరుసుకు ఒక్క క్షణం చాలు చావడానికి.
తాళం తిప్పితే నీలం పొగ వీధంతా,
పక్కింటి కుక్క, ఆ కుక్క యజమాని.
ఒక రాగి వాషరు దగ్గర చుక్క చుక్కగా కారింది,
బిగించాం. పొగ తెల్లబడి, లేకుండా పోయింది.

శనివారం పొద్దున అనాకీ రోడ్డు,
రెండు పక్కలా మంచు పట్టిన గొర్రెలు.
మూడో గేరులో నొక్కాను. ఏమీ లేదు.
ఇంకా లేదు. ఆ ఖాళీలో నా నోరు
అలవాటుగా, ఊదండి, ఇంకా ఉంది, అంది.
వచ్చింది.
వెన్ను సీటులోకి దిగబడింది, ముల్లు లేచింది,
డార్కో పకపకా నవ్వాడు.
నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు.
కాలు తీశాను. పట్టి ఉంచిన గాలి
పాము బుసలా బయటికి పోయింది.
పోనీ, పోనీ అని చేత్తోనే సైగ చేశాడు.

మాట వచ్చాక మొదట అన్నది:
"ఎడమది కాస్త ఆలస్యంగా లేస్తోంది. విన్నావా?"
నాకేమీ వినపడలేదు.
విన్నానన్నాను.
"అయితే ఆదివారం మళ్లీ విప్పాలి" అన్నాడు,
ఫ్లాస్కు మూత వెతుక్కుంటూ.