సున్నా పక్కన

పొద్దు పొడవడానికి ఇంకా గంట ఉంది.
క్లాయిస్ ట్రక్కు వెనక తలుపు దించి
దాని మీద డబ్బా తెరిచాడు.
టార్చి వెలుగులో గాలాలు
అరల్లో ఒకదాన్నొకటి పట్టుకుని పడుకున్నాయి.

"ఇవాళ నువ్వు ఎంచు," అన్నాడు.

ఆరేళ్లుగా ఆయన ఎంచి ఇస్తే నేను విసిరాను.
ఇప్పుడాయన కళ్లకు శుక్లాలు.
మొన ఎటో, బెజ్జం ఎటో
బొటనవేలు చెబితేనే తెలుస్తుంది.

ముందు అంకెల గొడవ.
సున్నా లేని గాలానికి అంకె పెరిగేకొద్దీ ఒళ్లు తగ్గుతుంది.
పక్కన సున్నా చేరిందా, అంకెతో పాటే పెరుగుతుంది.
మొదటి ఏడు, ఇదేం తిరకాసని అడిగాను.
"పెళ్లిలాంటిదే. ఎవరి పక్కన నిలబడ్డావన్నదే లెక్క,"
అనేసి నాలుక కరుచుకున్నాడు.
అప్పటికి ఆయన కొడుకూ నేనూ విడిపోయి నాలుగు నెలలు.

లైల్ ఇప్పుడు ఒడెస్సాలో, చమురు బావుల దగ్గర.
కోర్టు కాగితం మీద చాలా తెగిపోయాయి,
ఇల్లు, పడవ, కుక్క, నా పేరు చివరి ముక్క.
శనివారాల సంగతి జడ్జి అడగలేదు,
మేమూ చెప్పలేదు.

ఇక్కడి నీళ్ల కింద అడవి నిలువునా చచ్చిపోయి ఉంది.
ఆనకట్ట కట్టిన ఏడు కొట్టకుండా వదిలేసిన చెట్లు.
బాస్ చేప ఆ కొమ్మల్లో కాపురం ఉంటుంది.
మొన బయటికి కనబడే గాలం
మొదటి విసురుకే మానుకు పెళ్లామైపోతుంది.
అందుకే దాన్ని ఎర ఒంట్లో దాచాలి.

నా చేతిలో ఏడంగుళాల ప్లాస్టిక్ వానపాము,
పుచ్చగింజ రంగు, సోంపు వాసన.
గాలం మరీ పెద్దదైతే ఇది కర్రలా బిగుస్తుంది,
బతికున్నట్టు నటించడం మరిచిపోతుంది.
చిన్నదైతే చేప నోట్లో ముద్దకట్టి
మొనకే అడ్డం పడుతుంది.
"ఉక్కును చూడకు," అనేవాడు క్లాయిస్,
"కాడకీ మొనకీ మధ్య ఖాళీ చూడు.
ఎర నలిగి పక్కకు జరగడానికి చోటుండాలి."

మూడు బై సున్నా అని పెన్సిలుతో రాసిన అరలో వేలు పెట్టాను.
ఒకటి వచ్చింది.
మళ్లీ పెట్టాను. ఐదు.
ఆ పక్క అరలో మూడు, రెండు, వంకర కాడవీ తిన్నని కాడవీ
సంత చివర మిగిలిన కూరగాయల్లా.

పోయిన వసంతమంతా గుర్తొచ్చింది.
దారం కదిలేది, లాగేదాన్ని,
నలిగిన ఎర ఒక్కటే తిరిగొచ్చేది.
"నీ మణికట్టు నెమ్మదించిందమ్మాయ్," అనేవాడు.
నేనూ నమ్మాను.
స్కూలు బస్సు స్టీరింగు తిప్పీ తిప్పీ అనుకున్నాను.

ఏమీ అనలేదు.
వానపామును గాలం పక్కన పెట్టి కొలిచాను,
ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.
నాలుగోది సరిపోయింది.
తలలో పావంగుళం గుచ్చి, బయటికి లాగి, తిప్పి,
మళ్లీ ఒంట్లోకి, చర్మం కిందిదాకా.
తిన్నగా వేలాడింది.
క్లాయిస్ చెయ్యి చాచి తడిమాడు.
"మూడు," అన్నాడు.
వేలికి ఇంకా చూపుంది.

మబ్బు తెల్లబడుతుండగా
మోడుల మధ్య దారం రెండుసార్లు తట్టింది.
పక్కకు నడిచింది.
సడలు తీసి, లాగాను.

పెద్దదేం కాదు. పదకొండంగుళాలుంటుందేమో.
క్లాయిస్ దాని కింది పెదవి పట్టుకుని
నోట్లో బొటనవేలు పెట్టి వెతికాడు.
"పై దవడ. నడిమధ్యన."
గాలం తీసి చేపను నీళ్లలోకి జార్చి
చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు,
చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆ డబ్బా," అన్నాడు ఒడ్డు వైపు తిరిగి,
"ఇక నీ ఇంట్లోనే ఉంచుకో రెనెట్.
నా గరాజులో తేమ. తుప్పు పడుతున్నాయి."

ఒక్కదానికీ తుప్పు లేదు.
"సరే," అన్నాను.