బోర్లించిన మూడు

గంటకు నూట ముప్పై మైళ్ళ బండి
కొరుక్కుపేట గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడేది.
లకుముకి మోటార్స్ చరిత్ర చెప్పమంటే
నేనైతే అక్కణ్ణించే మొదలుపెడతాను.
గూడ్సు పోతూ ఉంటుంది.
ఒక్కో బొగ్గు పెట్టె లెక్కపెడుతూ
స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తుంటారు
ఊటుకూరి పానకాలు శెట్టిగారు.
పక్కనే గడ్డిబండి. ఎద్దు మెడ చాచి
బానెట్టు నీలాన్ని ఒకసారి నాకి చూసేది.

వాళ్ళది గోవిందప్ప వీధిలో మేకుల కొట్టు.
మూడు తరాలు తూచి అమ్మిన ఇనుమును
నాలుగో తరం పరుగెత్తిస్తానంది.
"ఒరే, మేకు కదలకుండా ఉంటేనేరా మనకు అన్నం"
అన్నాడట తండ్రి. ఆ మాటా నిజమే.

మా షెడ్డు ఒకప్పటి ఉప్పు గోదాము.
గోడలకింకా ఉప్పు చెమర్చేది.
రాత్రి బిగించిన తలుపుకి తెల్లారేసరికి తుప్పు,
దస్తగిరి తిట్లతోనే మాకు పొద్దుపొడుపు.
అతనికి నక్షా అక్కర్లేదు. ఇసక సంచి మీద రేకు పరిచి
కొయ్యసుత్తితో కొడుతూ చెవి ఒగ్గేవాడు.
వంపు కుదిరినప్పుడు రేకు గొంతు మారుతుందట.
లోకనాయకి పల్లావరం తోలు మీద
అంగుళానికి తొమ్మిది కుట్లు వేసేది.
పదోది పడితే మొత్తం విప్పేసేది.

నాది చిన్న పని.
సూళ్ళూరుపేట నుంచి తొలి పాసింజర్లో వచ్చి
పుట్టిన ప్రతి బండికీ ఒంటి మీద నంబరు కొట్టేవాణ్ణి.
ఒక సుత్తి, పది ఉక్కు అచ్చులు.

టైర్లకు కోటా. స్టీలుకు పర్మిట్టు.
మీటరు ముళ్ళకు ఢిల్లీలో ఎవరిదో సంతకం.
ఏడాదికి మూడు బళ్ళు, ఒక ఏడు ఒక్కటే.
షోళవరంలో, విమానాలు వదిలేసిన రన్‌వే మీద
పదకొండో నంబరు మొదటొచ్చిన రోజు
శెట్టిగారు అందరికీ బన్నూ టీ ఇప్పించి
జీతాలు వచ్చే నెలన్నారు.
చప్పట్లు కొట్టాం, రెండింటికీ.

ఎనిమిది అచ్చు విరిగింది పద్దెనిమిదో బండి నాడు.
కొత్తది కొందామంటే
చిల్లర పెట్టెలో ఆరు రూపాయలు లేవు.
మూడు కొట్టాను.
అచ్చును తలకిందులు చేసి
అదే చోట మళ్ళీ మూడు కొట్టాను.
రెండూ కలిసి ఎనిమిదై కూచున్నాయి,
నడుం దగ్గర కాస్త కుంటుతూ.

పెట్రోలు మండిన ఏడు బ్యాంకు తాళం వేసింది.
మొత్తం ఇరవై మూడు బళ్ళు.
శెట్టిగారు మళ్ళీ మేకులు తూచారు.
కాటా ముల్లు నిలబడేదాకా
కాలు మాత్రం కింద ఏదో తొక్కుతుండేది.

మొన్న దస్తగిరి కొడుకు ఫోన్ చేస్తే
మౌంట్ రోడ్డు హోటల్లో పాత బళ్ళ వేలానికెళ్ళాను.
పచ్చికలో, తాడు కట్టి, మా పద్దెనిమిది.
తెల్ల చేతితొడుగుల కుర్రాడు టార్చి వేసి వంగి
"ఈ ఎనిమిది తేడాగా ఉంది, నకిలీ కావచ్చు" అంటున్నాడు.
కొనడానికొచ్చినాయన గడియారం చూసుకుంటున్నాడు.

తాడు కింద నుంచి దూరాను.
ఎవరో "సార్, సార్" అన్నారు.
వేలితో తడిమాను. అక్కడే ఉంది ఆ కుంటు.
జేబులో మూడు అచ్చు ఉంది.
గ్రాట్యుటీ కింద నాకు దక్కింది అదొక్కటే.
తీసి కుర్రాడి తెల్ల తొడుగులో పెట్టాను.
"ఒకసారి ఇలా ఆనించు బాబూ.
ఇప్పుడు తిప్పి ఆనించు."

ఎంతకు పోయిందో తెలీదు. లోకల్ తప్పిపోతుందని
వచ్చేశాను.
కొరుక్కుపేట దాటుతుంటే గేటు పడి ఉంది.
కిటికీలోంచి చూశాను, హెడ్‌లైట్లు, హారన్లు,
అద్దాల వెనక స్టీరింగుల మీద వాయించే వేళ్ళు.
ఈసారి వాళ్ళను నిలబెట్టింది
నేనెక్కిన రైలు.